సావిత్రికి దొరకని రెండో అవకాశం

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో, విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం)



"కళారంగంలో స్త్రీలు" అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. అంత పెద్ద అంశం నా చేతుల్లో ఇమడదు. రెండు రోజులుగా మీరు ఆస్తి హక్కు గురించీ, పనిచోట వేధింపుల గురించీ, సమాన వేతనం గురించీ వింటున్నారు. భోజనాలయ్యాక నా వంతు వచ్చింది కాబట్టి నిద్ర రాకుండా ఉండేందుకు ఒక్క మనిషి గురించే మాట్లాడతాను. ఆ మనిషి ఈ ఊళ్ళోనే గజ్జె కట్టింది. ఈ ఊళ్ళోనే నాటకాల స్టేజీ ఎక్కింది. కృష్ణ దాటితే ఆమె పుట్టిన ఊరు చిర్రావూరు. ఆమె పేరు సావిత్రి.

పేరు చెప్పగానే మీలో కొందరు "పాపం" అన్నారు. నాకు వినపడింది. ఆ "పాపం" గురించే నేను మాట్లాడదలుచుకున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం రగులుకున్నప్పుడు నేను అక్షరాస్యత కళాజాతాతో ఊళ్ళు తిరుగుతున్నాను. దూబగుంట పేరు ఏ ఊరికి పోయినా వినపడేది. నాటిక అయిపోయాక ఐదు నిమిషాలు మాట్లాడటం నా పని. ఆ ఐదు నిమిషాల్లో నేను సావిత్రి కథ చెప్పేదాన్ని. "ఎంత గొప్ప నటి! ఎన్ని మేడలు, ఎన్ని కార్లు, ఎన్ని నగలు! చివరికి తాగుడు ఆమెను ఏం చేసిందో చూశారా?" అనేదాన్ని. జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నా ఉపన్యాసం బ్రహ్మాండంగా పండుతోందని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

ఒక ఊళ్ళో, కూలికి పోయొచ్చి మనవరాల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూచున్న పెద్దామె నా మాట మధ్యలోనే లేచింది. "అదేందిమ్మా, మొగోళ్ళు తాగొచ్చి పెళ్ళాల్ని తంతా ఉండారని గదా మనం కొట్లాడతా ఉండేది! మధ్యలో ఆ బిడ్డని ఎందుకు ఈడస్తావు? ఆ బిడ్డ తాగి ఎవుర్ని తన్నింది? ఆ బిడ్డ చేసిన పనేందో ఒక్క ముక్కన్నా చెప్పకపోతివే" అంది.

నేను నోరు మూసుకున్నాను. మర్నాటి నుంచి ఆ కథ మానేశాను. కానీ ఆమె అడిగిన ప్రశ్న నన్ను మానలేదు. ఆ బిడ్డ చేసిన పనేమిటి?

ఇక్కడ ఉన్నవాళ్ళలో సావిత్రి సినిమా ఒక్కటైనా చూడనివాళ్ళు లేరనుకుంటాను. ఆమె దర్శకత్వం వహించిన సినిమాల పేర్లు ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. మూడు చేతులు. మరేం ఫరవాలేదు, చాలాకాలం నాకూ తెలియదు. 1968 నుంచి 1971 దాకా ఆమె ఆరు సినిమాలకు దర్శకత్వం వహించింది. తెలుగులో చిన్నారి పాపలు, మాతృదేవత, చిరంజీవి, వింత సంసారం. తమిళంలో కుళందై ఉళ్ళం, ప్రాప్తం. నాలుగేళ్ళలో రెండు భాషల్లో ఆరు సినిమాలు. మగవాడు చేసి ఉంటే మనం దాన్ని "దర్శకుడిగా రెండో దశ" అని పిలిచేవాళ్ళం. ఆమె విషయంలో "సొంత సినిమాలు తీసి చేతులు కాల్చుకుంది" అంటాం. ఇంతే, ఒక్క వాక్యం.

మొదటి నుంచి వద్దాం. సావిత్రి పసిబిడ్డగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని బెజవాడలో ఉన్న అక్క ఇంటికి చేరింది. పెదనాన్న ఆ పిల్ల ఆసక్తి చూసి నాట్యం నేర్పించాడు, తర్వాత నాటకాల్లో వేయించాడు. జగ్గయ్య నడిపిన నాటక బృందంలో కూడా ఆమె పనిచేసింది. ఇదంతా పన్నెండు, పదమూడేళ్ళ వయసు లోపలే.

ఆనాటి నాటకరంగం ఎలాంటిదో మీకు కొంచెం చెప్పాలి. అంతకు కొద్ది ఏళ్ళ ముందు దాకా తెలుగు స్టేజీ మీద ఆడవేషాలు మగవాళ్ళే వేసేవాళ్ళు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే చూసిన ఆడవాళ్ళు ఆ నడక, ఆ చీరకట్టు నేర్చుకున్నారని చెప్పుకునేవారు. ఆడతనం ఎలా ఉండాలో ఆడవాళ్ళకు మగవాడు నేర్పిన చిత్రం అది. ఆయన కళను నేను తక్కువ చేయడం లేదు. కానీ స్టేజీ ఎక్కిన ఆడవాళ్ళను లోకం ఏ పేరుతో పిలిచేదో మీకు తెలుసు. కళావంతుల కుటుంబాల స్త్రీలు ఆ నింద మోస్తూనే ఆ కళను బతికించారు. 1940లలో ప్రజానాట్యమండలి వచ్చి, మామూలు కుటుంబాల ఆడవాళ్ళు కూడా మా భూమి లాంటి నాటకాల్లో వేషం వేయడం మొదలుపెట్టాక కొంచెం గాలి మారింది. దుగ్గిరాల నుంచి జమున అలాగే వచ్చింది. బెజవాడ నుంచి సావిత్రి అదే కాలంలో వచ్చింది.

నాటకం ఆమెకు ఏమిచ్చింది? ఎదుట కూచున్న జనం ముఖాల్ని చదవడం ఇచ్చింది. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆపాలో నేర్పింది. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని మనం అనం. చిన్నపిల్ల పని చేస్తోంది, డబ్బు పెద్దవాళ్ళ చేతికి వెళ్తోంది. తన సంపాదన తన చేతికి రాకుండా పెరిగిన పిల్లకు పెద్దయ్యాక లెక్కలు తెలియలేదని మనం నవ్వుతాం. నేర్పింది ఎవరు?

మద్రాసు వెళ్ళింది. 1950లో సంసారం సినిమాలో ఆమెను నాయికగా తీసుకున్నారు. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. కెమెరా ముందు ఆ పిల్ల కంగారుపడింది, టేకుల మీద టేకులు తిన్నది. చివరికి ఆ వేషం లక్ష్మీకాంతకు ఇచ్చి, సావిత్రికి చిన్న వేషం మిగిల్చారు. మర్నాడు ఆ పిల్ల రైలెక్కి బెజవాడ వచ్చేసి ఉంటే మనకు కథ లేదు. ఆమె అక్కడే ఉంది. 1951లో పాతాళభైరవిలో ఒక నాట్యం చేసింది. 1952లో పెళ్ళిచేసిచూడులో మంచి వేషం దొరికింది. దాని దర్శకుడు కూడా ఎల్.వి.ప్రసాదే. 1953లో దేవదాసు. 1955లో మిస్సమ్మ, మళ్ళీ ఎల్.వి.ప్రసాద్. ఐదేళ్ళ కిందట పనికిరాదని పక్కన పెట్టిన మనిషే ఆమెను మిస్సమ్మను చేశాడు.

ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. నటిగా సావిత్రి ఓడిపోయింది, ఆమెకు రెండో అవకాశం దొరికింది, గెలిచింది.

మిస్సమ్మ వేషం మొదట భానుమతి గారిది. నిర్మాత చక్రపాణి గారితో మాట పట్టింపు వచ్చి ఆవిడ తప్పుకున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక వేషం కోసం పోటీ పడ్డట్టు పత్రికలు రాసుకున్నాయి గానీ, మిస్సమ్మ పోయిన తర్వాత కూడా భానుమతి గారు సావిత్రిని మెచ్చుకుంటూనే ఉండేవారు. మిస్సమ్మను మీరు నవ్వుకుంటూ చూసి ఉంటారు. ఈసారి కార్యకర్తల కళ్ళతో చూడండి. అప్పు తీర్చడానికి ఉద్యోగం కావలసిన చదువుకున్న అమ్మాయి. ఉద్యోగమేమో భార్యాభర్తలకే ఇస్తామంటారు. అందుకని ఆమె ముక్కూముఖం తెలియని మనిషితో పెళ్ళయినట్టు నటించడానికి షరతుల మీద ఒప్పుకుంటుంది. ఆ విసుగు, ఆ కోపం, ఆ గడుసుతనం ఎంత సహజంగా చేసిందో చూడండి. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్ల.

మాయాబజార్ దగ్గర కాసేపు ఆగుతాను, మీరు క్షమించాలి. 1957లో వచ్చింది, దర్శకుడు కె.వి.రెడ్డి. అందులో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పెళ్ళివారింటికి వెళ్తాడు. ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు, శశిరేఖ సావిత్రి. అంటే ఆడమనిషి శరీరంలో ఉన్న మగరాక్షసుణ్ణి సావిత్రి చేయాలి. అది కూడా ఏదో ఒక రాక్షసుడు కాదు, రంగారావు గారు అప్పటికే తనదైన నడకతో, మెడ విరుపుతో, మీసం మెలివేతతో చేసి చూపించిన ఘటోత్కచుడు. ఆమె చేతికి మీసం లేదు, గద లేదు. ఉన్నది చీర, నగలు, పూలజడ. వాటితోనే చేయాలి. పెళ్ళికొడుకు దగ్గర సిగ్గుపడుతూ ఉండగా ఒక్క క్షణం రాక్షసుడు బయటికొచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోతాడు. భుజం కొంచెం వెడల్పవుతుంది, కన్ను మారుతుంది, అంతే.

అది చూసినప్పుడల్లా నాకు తెలుగు నాటకం చరిత్ర మొత్తం తిరగబడినట్టు అనిపిస్తుంది. ముప్ఫై, నలభై ఏళ్ళు మగవాళ్ళు ఆడతనాన్ని కట్టి చూపించారు. ఈ నాటకాల పిల్ల వచ్చి, మగతనం కూడా ఒక వేషమే, ఇదిగో ఇలా కట్టొచ్చు, ఇలా విప్పొచ్చు అని మూడు నిమిషాల్లో తేల్చేసింది. మనం లింగభేదం గురించి శిక్షణా తరగతుల్లో చార్టులు పెట్టి రెండు గంటలు చెప్పేది అదే.

తర్వాత పదేళ్ళూ వరసగా ఎక్కినవే. తెలుగులో తోడికోడళ్ళు, చివరకు మిగిలేది, గుండమ్మ కథ, నర్తనశాల, మూగమనసులు. తమిళంలో కళత్తూర్ కణ్ణమ్మ, పాసమలర్. ఆమె పెళ్ళి గురించి నేను మాట్లాడను. జెమినీ గణేశన్ గారి గురించి ఇప్పటికే లోకం కావలసినదానికంటే ఎక్కువ మాట్లాడింది. మన చెవులు కూడా అటే పోతాయి, పనివైపు పోవు.

ఇప్పుడు 1968కి వద్దాం. చిన్నారి పాపలు. కథ, నిర్మాణం స్త్రీలవి. దర్శకత్వం సావిత్రి. సంగీతం పి.లీల. మిస్సమ్మలో సావిత్రికి పాడిన గొంతు ఆమెదే. తెరమీద ఒకరు, తెరవెనక ఒకరుగా ఉన్న ఇద్దరూ ఇక్కడ దర్శకురాలు, సంగీత దర్శకురాలు అయి ఎదురెదురుగా కూచున్నారు. నృత్య దర్శకత్వం రాజసులోచన. ఆమె కూడా ఈ బెజవాడలో పుట్టిన మనిషే. కళా దర్శకత్వం మోహన. 1968 అని మళ్ళీ చెబుతున్నాను. మన రాష్ట్రంలో స్వతంత్ర మహిళా సంఘాల మాట ఇంకా పుట్టలేదు. ఐక్యరాజ్యసమితి మహిళా సంవత్సరం రావడానికి ఇంకా ఏడేళ్ళుంది. ఏ సిద్ధాంతమూ చదవకుండా, ఎవరూ నిధులివ్వకుండా, కొంతమంది ఆడవాళ్ళు మద్రాసు స్టూడియోలో కలిసి ఒక సినిమా తీశారు. మన ఉద్యమ చరిత్రల్లో ఎక్కడైనా ఈ మాట ఉందా? నేను రాసిన వ్యాసాల్లో కూడా లేదు.

సినిమా ఎలా ఉంది అని మీరడగొచ్చు. గొప్ప కళాఖండమని నేను వాదించను. వాదించాల్సిన అవసరం కూడా లేదు. ఆ ఏడాది వచ్చిన సినిమాలన్నీ కళాఖండాలా? సినిమా ఆడలేదు, డబ్బు రాలేదు.

డబ్బు ఎందుకు రాలేదో తెలియాలంటే సినిమా వ్యాపారం కొంచెం తెలియాలి. ఆ రోజుల్లో నిర్మాత సొంత డబ్బుతో సినిమా మొత్తం తీయడు. నైజాం, ఆంధ్ర, సీడెడ్ అని ప్రాంతాలవారీగా పంపిణీదారుల దగ్గర అడ్వాన్సులు తెస్తాడు. మిగిలింది ఫైనాన్షియర్ దగ్గర ప్రామిసరీ నోటు మీద. షూటింగ్ ఒక నెల ఆలస్యమైతే ఒక నెల వడ్డీ. హీరో కాల్షీట్ ఇవ్వకపోతే వడ్డీ. వాన పడి సెట్టు తడిస్తే వడ్డీ. ఈ అడ్వాన్సులు, నోట్లు, మాటలు అన్నీ సాయంత్రం పూట మగవాళ్ళు కూచునే చోట్ల జరిగేవి. అక్కడికి ఆడది వెళ్తే ఒక పేరు, వెళ్ళకపోతే మధ్యలో ఎవరో మగమనిషిని పెట్టుకోవాలి. పెట్టుకున్న మనిషి మంచివాడైతే సరే, కాకపోతే అంతే. డ్వాక్రా సంఘాల్లో పనిచేసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. బ్యాంకుకు వెళ్తే మేనేజరు "మీవారిని తీసుకురండి" అనేవాడు గుర్తుందా? ఇదీ అలాంటిదే, సున్నాలు ఎక్కువ.

నాకూ ఒక చిన్న అనుభవం ఉంది. కళాజాతాలో నాటిక రాసింది నేను, నేర్పింది నేను, పన్నెండు మందిని నడిపించింది నేను. భత్యం డబ్బులు తీసుకోవడానికి ఒక కార్యాలయానికి వెళ్తే అక్కడి గుమాస్తా, "డైరెక్టరు గారు ఎవరమ్మా, సంతకం పెట్టాలి" అని నా పక్కన నిలబడ్డ డప్పు వాయించే కుర్రాడికి రిజిస్టరు తిప్పాడు. ఆ కుర్రాడు పందొమ్మిదేళ్ళవాడు, సిగ్గుతో చచ్చిపోయి "అక్కేనండీ" అన్నాడు. గుమాస్తా నమ్మలేదు. చివరికి ఇద్దరం సంతకం పెట్టాం. నూట ఎనభై రూపాయలకే అంత సాక్ష్యం కావలసి వచ్చింది.

మళ్ళీ సావిత్రి దగ్గరికి. మొదటి సినిమా పోయినా ఆమె ఆగలేదు. 1969లోనే చిన్నారి పాపలను తమిళంలో కుళందై ఉళ్ళం పేరుతో తీసింది. అదే ఏడు తెలుగులో మాతృదేవత, ఎన్.టి.రామారావు గారితో కలిసి తనూ నటిస్తూ. అందులో సుశీల గారు పాడిన పాట రేడియోలో మీరందరూ వినే ఉంటారు. ఆ పాట తీసింది సావిత్రి అని ఎవరూ చెప్పి ఉండరు. ఇక ప్రాప్తం. మూగమనసులు కథనే తమిళంలో శివాజీ గణేశన్ గారితో తీసింది. నిర్మాత, దర్శకురాలు, నాయిక మూడూ తనే. తెలుగులో ఆ కథ పెద్ద విజయం. ఆదుర్తి సుబ్బారావు గారు 1967లో అదే కథను హిందీలో మిలన్ పేరుతో తీస్తే అక్కడా పెద్ద విజయం. కాబట్టి ఆమె లెక్క తప్పు లెక్క కాదు, ఏ వ్యాపారస్తుడైనా వేసే లెక్కే. కానీ సినిమా సాగింది, సాగింది, 1971లో విడుదలై పోయింది. ఆమె లావైపోయింది, ఆ వేషానికి నప్పలేదు అన్నారు. శివాజీ గారి నడుం కొలత ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు.

అప్పటికే ఆదాయపు పన్ను బాకీలు, ఆస్తుల జప్తులు మొదలయ్యాయి. ఇల్లు పోయింది. సంసారం అంతకుముందే చెదిరిపోయింది. తాగుడూ ఉంది, నేను దాచను. కానీ వరస చూడండి. మనం చెప్పే కథలో తాగుడు ముందు వస్తుంది, పని వెనక్కి పోతుంది. అప్పు, వడ్డీ, పన్ను, ఒంటరితనం అన్నీ తాగుడు అనే ఒక్క మాటలో కలిపేస్తాం. 1970లలో ఆమె అమ్మ వేషాలు, చిన్న వేషాలు వేసి బతికింది. గోరింటాకు 1979లో వచ్చింది. 1980 మేలో స్పృహ తప్పి, పందొమ్మిది నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో పోయింది. యాభై ఏళ్ళు కూడా నిండలేదు.

ఇప్పుడు ఇంకో మనిషిని పక్కన పెట్టి చూద్దాం. చిత్తూరు నాగయ్య గారు. ఆయనా స్టేజీ నుంచి వచ్చిన మనిషే. నటుడు, గాయకుడు, దర్శకుడు. 1946లో త్యాగయ్య తీశారు. తర్వాత సొంత సినిమాలు దెబ్బతీశాయి, అడిగినవారికి లేదనకుండా ఇచ్చారు, చివరి రోజులు పేదరికంలో గడిచాయి, 1973లో పోయారు. సావిత్రి కూడా అడిగినవారికి ఇచ్చింది. 1965లో యుద్ధం వచ్చినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారికి ఒంటిమీది నగలు తీసి ఇచ్చింది. ఇద్దరి జీవితాలూ చాలావరకు ఒకటే. నాగయ్య గారి కథ చెప్పేటప్పుడు మనం చేతులు జోడిస్తాం. "మహానుభావుడు, డబ్బును గడ్డిపోచలా చూశాడు" అంటాం. ఆయన్ని ఉదాహరణగా చూపించి ఏ తండ్రీ కొడుకుతో "సినిమా తీయకు నాయనా" అన్నట్టు నేను వినలేదు. సావిత్రిని చూపించి ఆడపిల్లలతో అన్నవాళ్ళు లెక్కలేనంతమంది. నేనూ అన్నాను, మైకు పట్టుకుని.

ఆమె ఒక్కతే కాదని కూడా చెప్పాలి. దక్షిణాదిన సినిమాకు దర్శకత్వం వహించిన మొదటి స్త్రీ టి.పి.రాజలక్ష్మి. ఆమె తమిళ నాటకరంగం నుంచి వచ్చింది. 1931లో వచ్చిన కాళిదాసులో నాయిక. తమిళంలో తొలి టాకీ అది, అందులో తెలుగు పాటలూ ఉండేవి. 1936లో మిస్ కమల అనే సినిమాను ఆమె తనే రాసి, తీసి, నటించింది. తెలుగులో మొదటి దర్శకురాలు భానుమతి గారు. 1953లో చండీరాణిని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీశారు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు దర్శకత్వం చేస్తూనే ఉన్నారు. 1982లో అంతా పిల్లలతో భక్త ధ్రువ మార్కండేయ తీశారు. విజయనిర్మల గారు నలభైకి పైగా సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. 1974లో ఆవిడ తీసిన దేవదాసు పోయింది. ఐనా ఇంకోటి తీశారు, ఇంకోటి తీశారు.

తేడా ఎక్కడుంది? భానుమతి గారి పొగరు మనందరికీ ఇష్టమే, నాకైతే మరీ ఇష్టం. ఐతే ఆ పొగరు వెనక భరణి స్టూడియో ఉంది, సినిమా పని తెలిసిన భర్త రామకృష్ణ గారు ఉన్నారు. విజయనిర్మల గారికి సొంత సంస్థ, కృష్ణ గారి తోడు ఉన్నాయి. వాళ్ళ ప్రతిభను నేను తగ్గించడం లేదు. ప్రతిభకు ఓ పక్కన నేల కూడా కావాలంటున్నాను. ఒక సినిమా పోతే ఇంకోటి తీయడానికి నిలబడే నేల. సావిత్రికి నటిగా ఎల్.వి.ప్రసాద్ లాంటి పరిశ్రమ మనిషి రెండోసారి పిలిచి వేషం ఇచ్చాడు. దర్శకురాలిగా ఓడిపోయాక ఆమెకు నిలబడే నేల మిగలలేదు. ప్రాప్తం లాంటి సినిమాకు తనే నిర్మాతై తనకు అవకాశం ఇచ్చుకుంది.

మనం హక్కులంటే గెలిచే హక్కుల జాబితాలే వేస్తాం. ఓడిపోయి మళ్ళీ మొదలుపెట్టే హక్కు గురించి అంతగా మాట్లాడం. మగదర్శకుడు ఐదు ఫ్లాపులు తీస్తే ఆరోది "కమ్ బ్యాక్" అవుతుంది. ఆడమనిషి ఒకటి తీసి పోతే "ఆడవాళ్ళకు ఎందుకండీ ఇవన్నీ" అవుతుంది. ఒకామె ఓటమి అందరి ఖాతాలో పడుతుంది. గ్రామ పంచాయతీల్లో సర్పంచులుగా గెలిచిన మన వాళ్ళకు ఇది బాగా తెలుసు.

ఇంకో విషయం చెబితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. చిన్నారి పాపలులో కథ, సంగీతం, నృత్యం, కళ ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నాయి కదా. మేకప్ మాత్రం ఆడవాళ్ళు చేయడానికి ఈ దేశంలో 2014 దాకా సంఘాలు ఒప్పుకోలేదు. ఆడవాళ్ళు జడలు వేయొచ్చు, రంగు పూయకూడదు. మేకప్ పని మగవాళ్ళ జీవనోపాధి అని వాళ్ళ సంఘం నియమం. ఒక మేకప్ కళాకారిణి సుప్రీంకోర్టుకు వెళ్ళి కొట్లాడితే 2014 నవంబరులో ఆ నియమం చెల్లదని కోర్టు తీర్పు చెప్పింది. కెమెరా సంగతికి వస్తే, చిన్నారి పాపలు వచ్చిన పదిహేడేళ్ళకు, 1985లో తమిళంలో బి.ఆర్.విజయలక్ష్మి స్వతంత్రంగా ఛాయాగ్రాహకురాలైంది.

వేధింపుల మాట నిన్ననే విన్నారు కాబట్టి పొడిగించను. కేరళలో 2017లో వేసిన హేమ కమిటీ నివేదిక 2019 చివర ప్రభుత్వానికి అందితే, జనానికి 2024 ఆగస్టులో కనిపించింది. ఆ కమిటీలో మన తెనాలి శారద గారు సభ్యురాలు. ఆవిడ కూడా రక్తకన్నీరు నాటకం ఆడి వచ్చిన మనిషి. తెలుగు పరిశ్రమ మీద తెలంగాణ ప్రభుత్వం వేసిన ఉపసంఘం నివేదికను బయట పెట్టమని 2024లో మన నటీమణులు నోరు తెరిచి అడగాల్సి వచ్చింది.

చివరగా మహానటి సినిమా గురించి. 2018లో నాగ్ అశ్విన్ తీశారు, కీర్తి సురేష్‌కు జాతీయ అవార్డు వచ్చింది. నిర్మాతలు ఇద్దరూ ఆడపిల్లలే, స్వప్నా దత్, ప్రియాంకా దత్. నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ ఏడ్చాను. ఆ సినిమా వల్ల చిన్నారి పాపలు పేరు మళ్ళీ కొంతమందికి తెలిసింది, అందుకు సంతోషం. కానీ మూడోసారి చూసి బయటికి వస్తుంటే నా వెనక ఒక తల్లి తన కూతురితో, "చూశావా, అందుకే అంటాను, డబ్బు విషయాలు మగవాళ్ళకు వదిలేయాలని" అంటోంది. కూతురు ఇంజనీరింగ్ చదివే పిల్లలా ఉంది. ఆ పిల్ల వెనక్కి తిరిగి, "మగవాళ్ళకే కదమ్మా ఆవిడ వదిలేసింది" అంది. నేను ఆ పిల్ల ముఖం చూద్దామని తొందరపడ్డాను గానీ జనంలో కలిసిపోయారు.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక ఇక్కడే మాయాబజార్ వేస్తున్నామని నిర్వాహకులు చెప్పారు. చాలామంది పెళ్ళివంటలు రాగానే లేచి పడుకోవడానికి వెళ్ళిపోతారు. దయచేసి మాయా శశిరేఖ పెళ్ళిపీటల మీదికి వచ్చేదాకా ఉండండి. ఆవిడ భుజం చూడండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి, ఆ మూల చేయెత్తిన చెల్లెలు ముందు.